సున్నము వేయించి వెళ్ళవచ్చును

ఆ రోజుల్లో మా వైపు కుర్రాళ్ళు రెండు రకాలుగా ఉండేవారు. "ఏటి సేస్తన్నావురా?" అని ఎవరైనా అడిగితే తల దించుకుని "ఉద్యోగం" అనేవాళ్ళు ఒక రకం, తలెత్తి "సొంతంగా సేసుకుంటన్నాను" అనేవాళ్ళు రెండో రకం. నేను రెండో రకం. ఆ రోజులంటే మరీ తాతల కాలం అనుకునేరు, పదకొండేళ్ళ కిందటి సంగతే. రాజాంలో కరెంటు స్తంభం కనిపిస్తే చాలు దానికి ఎవరో ఒకరి మొహం వేలాడుతూ ఉండేది, ఆ మొహాన్ని కంప్యూటర్లో కత్తిరించి, తెల్లబరిచి, వెనకాల సూర్యకిరణాలు పెట్టినవాణ్ణి నేనే అయి ఉండేవాణ్ణి. "సొంతంగా" అన్న మాట మీద నాకు ఎంత మోజంటే, ఏం సొంతం, ఎవరికి సొంతం అని ఒక్క పూట కూడా ఆలోచించలేదు. ఇప్పుడు అరసవల్లి దగ్గర ఒక బళ్ళో పిల్లలకు బొమ్మలు నేర్పుకుంటూ, ఒకటో తారీకు కోసం ఎదురు చూసుకుంటూ హాయిగా బతుకుతున్నాను కానీ, ఆ ఇరవై మూడేళ్ళ సొంతగాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, వాడికి వీపు మీద ఒక్కటివ్వాలనీ అనిపిస్తుంది.

నేను "సొంతంగా" చేసుకున్నది పార్టనర్ బావ గారి ఫ్లెక్సీ దుకాణంలో. ఆయన మాకెవరికీ బావ కాదు. కొట్లోకి అడుగుపెట్టిన ప్రతివాడికీ తనే బావ అయిపోయి, వాణ్ణి "పార్టనరూ" అని పిలవడం ఆయన పద్ధతి. బట్టల కొట్టువాడు పార్టనరే, టీ తెచ్చేవాడు పార్టనరే, చందా అడగటానికొచ్చినవాడు కూడా పార్టనరే (చందా మాత్రం ఇచ్చేవాడు కాదు). మొదటి రోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన చెప్పిన మాటలు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "సూడు పార్టనరూ, నీకు నాను జీతం ఇవ్వను. జీతం ఇస్తే నువ్వు పనోడివయిపోతావు. ఆ పాపం నాకొద్దు. నీ కంప్యూటరు నువ్వు తెచ్చుకో, నా గోడ పక్కన ఎట్టుకో, బేనరుకింతని నీది నీకు, నాది నాకు. నీకు నువ్వే ఓనరువి." నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఒక మనిషి నన్ను జీతగాణ్ణి కానివ్వకుండా కాపాడుతున్నాడని నిజంగా అనుకున్నాను. ఆ వారంలోనే విజిటింగ్ కార్డులు వేయించుకున్నాను. పేరు కింద "ప్రొప్రయిటర్" అని బంగారు రంగు అక్షరాలు. దేనికి ప్రొప్రయిటర్‌నో రాయడానికి ఏమీ లేక అక్కడ ఒక గులాబీ పువ్వు వేశాను. మా అమ్మ ఆ కార్డులు వీధి వీధంతా పంచింది. "మావోడు ఒకడి కింద సెయ్యడు బాబూ" అని పాలవాడికి రెండుసార్లు ఇచ్చింది.

ఆ ఓనరుగిరీ ఎలా ఉండేదో చెబుతాను వినండి. ఓనరు గారు ఊరి నుంచి మొదటి బస్సెక్కి వచ్చి, షట్టరు తీసి, కొట్టు ఊడ్చి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించాలి. తొమ్మిది దాటి పది నిమిషాలైతే బావ దగ్గర్నుంచి ఫోను: "పార్టనరూ, కస్టమర్లు నిలబడిపోనారు, ఏటిది?" ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి సెలవు కావాలని అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. "సెలవు నన్నడుగుతావేటి? నానెవుణ్ణి? నీకు నువ్వే ఓనరువి. నిన్ను నువ్వడుగు." సరే అని నన్ను నేనే అడుక్కున్నాను. దయగల ఓనర్ని కాబట్టి రెండు రోజులు మంజూరు చేసుకున్నాను. తిరిగొచ్చాక బావ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, ఐదో రోజున గోడకి చెప్పినట్టుగా "ఓనరన్నోడు ఇలగుంటే ఇంక పని ఎవుడు సేస్తాడు" అన్నాడు. ఆ దెబ్బతో నేను చాలా కఠినమైన ఓనర్నయిపోయాను. మా పిన్ని కూతురి పెళ్ళికి కూడా నాకు నేను సెలవివ్వలేదు.

ఇక పని సంగతి. భోగాపురం వైపు విమానాశ్రయం వస్తుందనగానే, దానికి పాతిక మైళ్ళ దూరంలో జీడితోట ఉన్నవాడు కూడా దాన్ని ముక్కలు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. ప్రతి వెంచరుకీ ఒక బేనరు, ప్రతి బేనరు మీదా ఒక విమానం. "ఇమానం ఇంకా పెద్దది ఎట్టు పార్టనరూ" అని బావ నా భుజం మీద నుంచి వంగేవాడు. పెట్టగా పెట్టగా ఒక బేనరులో విమానం వెంచరు కంటే పెద్దదయిపోయి, ప్లాట్లన్నీ దాని రెక్క నీడలోకి పోయాయి. అదే అందరికీ నచ్చింది. మిగతా రోజుల్లో పుట్టినరోజు నాయకులు. ఒక్కో బేనరు మీద నలభై, యాభై మొహాలు, ఎవరి మొహం ఎంత సైజులో ఉండాలో కాయితం మీద రాసిచ్చేవారు. ఒకాయన మొహం "శుభాకాంక్షలు"లో "భా" అక్షరం వెనక్కి వెళ్ళిపోయిందని కొట్టు ముందు ధర్నాకి కూర్చున్నంత పని చేశాడు. చిన్నప్పుడు నోటుపుస్తకాల వెనక అట్ట మీద బొమ్మలు వేసి టీచర్ల చేత తన్నులు తిన్న నేను, పద్నాలుగు నెలలు ఒక్క గీత కూడా గీయకుండా పరాయి మొహాల చెవుల చుట్టూ మౌసు తిప్పుతూ గడిపాను. ఏడుపొచ్చేది. బయటికి మాత్రం "బిజినెస్ బాగున్నాది" అనేవాణ్ణి.

అలాంటి సమయంలో అరసవల్లి బడి కబురొకటి వచ్చింది. డ్రాయింగు మాస్టారు కావాలని ఎవరో చెబితే, నాకు నేను ఒక పూట సెలవిచ్చుకుని వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ గారు నా విజిటింగ్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, గులాబీ పైకి కనబడేలా బల్ల మీద పెట్టి, నన్ను బొమ్మల గదికి తీసుకెళ్ళారు. చిన్న చిన్న బల్లలు, గోడకి పిల్లలెవరో వేసిన ఏనుగు. దానికి ఐదు కాళ్ళున్నాయి. తీసెయ్యమని ఎవరూ అననందుకు అది ఎంతో ధీమాగా నిలబడి ఉంది. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఈ గదిలో ఉండటానికి ఏమైనా చేస్తాననుకున్నాను. "వచ్చే సోమవారం కాకుండా ఆ పై సోమవారం బడి తెరుస్తాం మాస్టారూ. ఆ రోజు మీరు పిల్లల ముందుండాలి. లేకపోతే ఇంకొకాయన కాచుక్కూర్చున్నారు, ఆయన్ని పిలిచేస్తాను" అన్నారావిడ. నన్ను మాస్టారన్న మొదటి మనిషి ఆవిడే.

బావకి చెప్పాలి. మర్నాడు బస్సులో కిటికీ వైపు తిరిగి వాక్యం తయారు చేసుకున్నాను: "బావా, నేను మానేస్తున్నాను." పొందూరు దాటేసరికి అది "మానేద్దామనుకుంటున్నాను" అయింది. రాజాం చేరేసరికి "మానేస్తే ఎలా ఉంటాదంటారు?" అయింది. నా పక్క సీటు ముసలావిడ "ఏటి బాబూ, ఒంట్లో బాగోలేదేటి?" అని జాలిగా అడిగింది. చివరికి కొట్లో ఏం అన్నానో నాకే తెలీదు కానీ బావకి మాత్రం బాగానే అర్థమైంది. కోప్పడలేదు. చిరునవ్వు నవ్వి, దేవుడి పటం వెనకాల చెయ్యి పెట్టి, స్టాంపు కాయితం ఒకటి తీసి కళ్ళకద్దుకున్నాడు.

"ఎగ్రిమెంటు గుర్తున్నాదా పార్టనరూ? మూడు నెలల ముందు సెప్పాల. ఇదుగో నీ సంతకం."

సంతకం నాదే. ఒప్పుకోవాలి, ఆ కాయితం మీద నేను చదివింది కూడా నా సంతకం ఒక్కటే. ప్రొప్రయిటర్‌కి తగ్గ సంతకం కావాలని వారం రోజులు సాధన చేసి, కింద గీతా, గీత కింద రెండు చుక్కలూ పెట్టి మురిసిపోయి, పైన ఏం రాసుందో చూడనే లేదు. "బడి పై సోమవారమే బావా" అన్నాను. గొంతు నాది కాదనిపించింది. "అయితే ఏటి? కాయితం కాయితమే. నువ్వు ఇలగ మధ్యలో ఎలిపోతే, నాను ఆ ఇస్కూలు మేడంకి ఒక్క ఫోను కొడతాను. నువ్వు రాకముందు వోళ్ళ ఫ్లెక్సీలన్నీ ఏసింది మనవే. 'అమ్మా, ఈ గుంటడు కాయితం మీద సంతకమెట్టి తప్పేసే రకం' అని సెప్తాను. తరవాత నీ ఇష్టం, నీకు నువ్వే ఓనరువి." ఆవిడ నన్ను మాస్టారన్న నోటితోనే ఇంకొకాయన్ని పిలవడం కళ్ళ ముందు కనిపించింది. కనీసం ఆ కాయితాన్ని ఫోన్లో ఫోటో తీసుకోనివ్వమని అడిగాను. "తీసుకో, ఇంట్లో ఎట్టుకుని దండమెట్టుకో" అన్నాడు.

ఇంటికెళ్ళి మా కుంచె మావకి చూపించాను. మావ మా అమ్మ తమ్ముడు. ఒకప్పుడు చుట్టుపక్కల కొట్లన్నిటికీ బోర్డులు రాసినవాడు, ఫ్లెక్సీలొచ్చాక ఇళ్ళకు సున్నాలు, రంగులు వేసుకుంటున్నాడు. నా వృత్తి మీద ఆయనకి ఏ మాత్రం గౌరవం లేదు. "గాలేస్తే సిరిగిపోయే దానికి ఓనరేటిరా" అని అమ్మ ముందే అనేవాడు. గట్టు మీద కూర్చుని ఫోను తెర మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాడు (వేలు పెట్టినప్పుడల్లా అక్షరాలు ఎగిరి పెద్దవయ్యేవి, ఆయన దాన్ని తిట్టేవాడు). రెండో షరతు దగ్గర ఆగాడు. "'సదరు అద్దెదారుడు, అనగా డిజైనరు, పెరటిలో పశువులను కట్టరాదు.' ఏటిరా ఇది?" మూడోది: "'గోడలకు మేకులు కొట్టరాదు.'" నాలుగోది: "'బావి నీళ్ళు వాడుకొనుటకు హక్కు కలదు.' ఆ కొట్లో బావెక్కడున్నాదిరా?"

అప్పుడు తెలిసింది. బావగారి బావమరిది రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు టైపు చేస్తాడు. ఎవరో ఇల్లు అద్దెకిచ్చిన కాయితం తీసుకుని, అద్దెదారుడన్న చోటల్లా "అనగా డిజైనరు" అని తగిలించి నాకు ఒప్పందం చేసిపెట్టాడు. నేను పద్నాలుగు నెలలు పశువుల్ని కట్టకుండా ఆ ఒప్పందాన్ని నిష్ఠగా పాటించాను. అమ్మకి విషయం పూర్తిగా అర్థం కాలేదు కానీ, "ఓలమ్మ, కొడుకుని అద్దెకి దింపీసినాడా!" అని చెంగు నోటికడ్డం పెట్టుకుంది. మావ మాత్రం తొమ్మిదో షరతు దగ్గర చదవడం ఆపి, మళ్ళీ మొదట్నుంచి చదివాడు. "'పై మూడు నెలల గడువునకు ముందుగా ఖాళీ చేయదలచినచో, సదరు అద్దెదారుడు, అనగా డిజైనరు, తన వాడుకలోనున్న భాగమునకు సున్నము వేయించి, మేకులు తీయించి, తాళము చెవి అప్పగించి వెళ్ళవచ్చును. అందులకు యజమానికి యెట్టి అభ్యంతరమును ఉండరాదు.'" ఫోను నా ఒళ్ళో పడేసి నవ్వాడు చూడండి, గట్టు మీద నుంచి కిందికి జారిపోయాడు. "ఒరే, నువ్వు మాననక్కర్లేదురా. ఖాళీ సేసీ!"

ఆ శనివారం పొద్దున్న మొదటి బస్సుకి మావా నేనూ రాజాంలో దిగాం. ముందు రోజే నానబెట్టి, బంకా నీలిమందూ కలిపిన సున్నం రెండు డబ్బాలు, కుంచెలు, ఒక సుత్తి. తాళం నా దగ్గరే ఉండేది కదా, ఊడ్చే ఓనర్ని నేనే కాబట్టి. కంప్యూటరు మీద పాత ఫ్లెక్సీ ఒకటి కప్పాం, ఎవరో నాయకుడి నవ్వు మొహం పైకొచ్చింది. మావ మేకులు పీకడం మొదలుపెట్టాడు. నేను కూర్చునే గోడకి బావ కొట్టించుకున్న మేకులు ముప్ఫై ఒకటి, వాటికి బావ సన్మానాల ఫోటోలు, బావ శాలువా ఫోటోలు, బావ రిబ్బను కత్తిరిస్తుంటే పక్కనెవరో చప్పట్లు కొడుతున్న ఫోటో. అన్నీ జాగ్రత్తగా దింపి నేల మీద వరసగా పేర్చాం. తర్వాత సున్నం. చేతులకి కొబ్బరినూనె రాసుకోమని మావ చెప్పినా, ప్రొప్రయిటర్‌ని కదా, వినలేదు. అరగంటలో వేళ్ళ సందులు మండిపోయాయి. కానీ నిజం చెబుతున్నాను, ఆ పద్నాలుగు నెలల్లో నా చేత్తో నేను కుంచె పట్టిన రోజు అదొక్కటే. గోడ పొడుగునా పైనుంచి కిందికి లాగుతుంటే లోపల ఎక్కడో బిగుసుకుపోయిందేదో వదులయింది. మావ వెనక నుంచి "అలగ కాదురా, మణికట్టు తిప్పు" అని కసురుతూనే ఉన్నాడు.

రెండో పూత అవుతుండగా బావ వచ్చాడు. ఒక్కడూ రాలేదు. వెనకాల కూతురి ఓణీల ఫంక్షనుకి బేనరు వేయించుకోడానికొచ్చిన రైతు దంపతులున్నారు. గుమ్మంలో నిలబడి, తెల్లటి గోడా, నేల మీద వరసగా ఉన్న తన ముప్ఫై ఒక్క మొహాలూ చూసి, "ఓర్నాయనో! ఏటిరా ఇది? ఏటయిపోనాది?" అన్నాడు. నేను డబ్బా కింద పెట్టి, ఫోను తీసి, తొమ్మిదో షరతు చదివాను. నా గొంతు ఈసారి నాదే. బస్సులో కూడా ఇంత బాగా రాలేదు. "అనగా డిజైనరు" అన్న చోట మరీ ఒత్తి చదివాను. బావ నా చేతిలోంచి ఫోను లాక్కుని, దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. ఆయన కూడా ఆ కాయితం అప్పటిదాకా చదవలేదని అప్పుడు అర్థమైంది. పద్నాలుగు నెలలు మేమిద్దరం చదవని కాయితానికి రోజూ అగరొత్తి వెలిగించాం, అదీ నా చేత్తోనే.

"ఇది... ఇది ఇంటికి రాసింది! కొట్టుకి కాదు!" అన్నాడు బావ. రైతు ముందుకొచ్చాడు. ఆయనకి మా గొడవతో ఏ సంబంధమూ లేదు, కానీ మా వైపు మనుషులు పరాయివాళ్ళ కాయితం చూస్తే ఆగలేరు. "సంతకాలున్నాయా బాబూ?" "ఉన్నాయండి, ఇద్దరివీను." "మరైతే ఏటి? కాయితం కాయితమే కదా!" ఆ మాట పరాయి నోట విని బావ మొహం చూడాలి. రైతు భార్య గోడ దగ్గరకెళ్ళి వేలితో ముట్టుకుని, "సున్నం బాగా ఏసినారు నాయినా. మా ఇంటికీ ఎయ్యాల, వస్తావేటి?" అని మావని అడిగింది. బావ తాళం చెవి తీసుకున్నాడు. ఫోను చేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు. కంప్యూటరు ఆటోలో పెట్టుకుని, చేతులు మండుతుంటే ఊదుకుంటూ ఇల్లు చేరాను. సోమవారం బడి తెరిచేసరికి వేళ్ళ నిండా తెల్లటి పొక్కులతో పిల్లల ముందు నిలబడ్డాను. హెడ్మిస్ట్రెస్ గారు చూసి, "సుద్దముక్కలు పట్టుకోగలరా మాస్టారూ?" అన్నారు.

ఈ కథ పదకొండేళ్ళుగా స్టాఫు రూములో, పెళ్ళిళ్ళలో, బస్సుల్లో చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ బావ ఇంకాస్త దుర్మార్గుడయ్యేవాడు, నేను ఇంకాస్త తెలివైనవాణ్ణయ్యేవాణ్ణి. కిందటి నెలలో బావ మా బడికే వచ్చాడు. జుట్టు తెల్లబడింది. ఇప్పుడు ప్రతివాడూ ఫోన్లోనే బేనరు తయారు చేసుకుంటున్నాడట, కొట్టు చిన్నదయిందట. "మీ ఇస్కూలు యానివర్సరీ బేనరు ఒక్కటి ఇప్పించు పార్టనరూ. ఇన్నేళ్ళలో మీ ఇస్కూలుది ఒక్కటీ ఏసిన పాపాన పోలేదు నాను" అన్నాడు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "అదేంటి? ఆ రోజుల్లో మా బడి ఫ్లెక్సీలు నువ్వే వేసేవాడివి కదా? మేడంకి ఫోను చేస్తానన్నావు కదా?"

బావ పకపకా నవ్వాడు. "ఆవిడ నంబరు నా దగ్గరెక్కడున్నాదిరా? అప్పట్లో ఈ ఇస్కూలు ఏ పక్కనున్నాదో కూడా తెలీదు నాకు. నువ్వు ఎలిపోతావేమోనని ఏదో ఒకటి అనీసినాను." అంటే ఏ కాయితమూ నన్ను ఆపలేదు. ఏ ఫోనూ నన్ను పట్టుకోలేదు. తలుపు పద్నాలుగు నెలలూ తెరిచే ఉంటే, నేను గోడకి రెండు పూతలు సున్నం వేసి మరీ బయటికొచ్చాను. "ఎందుకు ఆపాలనుకున్నావు మరి?" అని అడిగాను, కాస్త కటువుగానే. ఆయన కిటికీ లోంచి ఆడుకుంటున్న పిల్లల్ని చూస్తూ, చాలా మామూలుగా, "నీ లాటి సెయ్యి మళ్ళీ దొరకలేదురా నాకు. ఎంతమందొచ్చినారో, ఎంతమంది ఎలిపోనారో. నీ పని నీదే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. చెవుల దాకా సంతోషం పాకింది, సిగ్గు లేకుండా. ఆ ఒక్క మాట ఆ రోజు కాయితం తీసే ముందు అని ఉంటే, దేవుడి మీద ఒట్టు, బడి తెరిచే సోమవారం నేను రాజాంలో ఎవరి చెవో కత్తిరిస్తూ ఉండేవాణ్ణి. ఇప్పటికీ అక్కడే ఉండేవాణ్ణి. ఆ కుర్రాడికి కావలసింది జీతమూ కాదు, ఓనరుగిరీ కాదు, ఒక్క మెచ్చుకోలు. ఆ మాట అనడానికి నోరు రాని బావ పిసినారితనమే నన్ను మాస్టార్ని చేసింది. ఆ పిసినారితనానికి మనసులోనే దండం పెట్టుకుని ఆయనకి టీ తెప్పించాను. ఇంతా చేసి, మేడం దగ్గరికెళ్ళి యానివర్సరీ బేనరు కూడా ఆయనకే ఇప్పించాను. చూశారా, ఇప్పటికీ నేను అంతే చవగ్గా దొరుకుతున్నాను.